ఏం వండుతారో చెబితేనే ఆకుకూర

వీరరాఘవరావుగారి దగ్గర ఆకుకూర కొనాలంటే డబ్బు ఉంటే చాలదు, సమాధానం కూడా ఉండాలి. "దీనితో ఏం వండుతారు?" అని ఆయన అడుగుతారు. చెప్పిన వంట ఆయనకు నచ్చితే కట్ట మీ చేతికి వస్తుంది. నచ్చకపోతే మీ డబ్బు మీ జేబులోనూ, కట్ట ఆయన బుట్టలోనూ క్షేమంగా ఉంటాయి. ఆయనను గురించి ముందుగా తెలియవలసినది ఇదొక్కటే. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానమే.

అశోక్‌నగర్‌లో ఆయన ఇంటి వెనుక ఉన్న స్థలాన్ని ఎవరైనా తోట అంటే ఆయన నొచ్చుకునేవారు. వ్యవసాయం అనాలి. హైదరాబాదు రాజధాని అయిన కొత్తల్లో కృష్ణాజిల్లా నుంచి సర్కారు కొలువు వెంట వచ్చి, అప్పటికి ఊరి చివర అనిపించిన ఆ చోట ఇల్లు కట్టుకుని, బావి తవ్వించి, మళ్ళు కట్టి, గేదెను తెచ్చి కట్టేశారు. కాలక్రమాన చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి. సూర్యుడు కూడా వాటి సందుల్లోంచి తొంగిచూసి పోవలసిన రోజులు వచ్చాయి. అయినా ఆయన మళ్ళు మళ్ళుగానే ఉన్నాయి. ఉద్యోగ విరమణ అయ్యాక ఆయన పూర్తిగా రైతు అయ్యారు. ఆయన భార్య హైమవతిగారు పాలు పితికేవారు. కోడలు సుహాసిని బావిలో నీళ్ళు తోడేది. కొడుకు కృష్ణచైతన్య ఉద్యోగరీత్యా ఊళ్ళు తిరిగేవాడు కనుక ఆ వ్యవసాయానికి పనికిరాలేదు.

ఆ ఇంటి కోడలు కావడానికి కూడా సుహాసిని ఈ పరీక్షే రాయవలసి వచ్చింది. పెళ్ళిచూపుల్లో హైమవతిగారు పాట పాడమన్నారు. మేనత్తగారు కుట్టుపని వచ్చునా అన్నారు. వీరరాఘవరావుగారు మాత్రం గొంతు సవరించుకుని, "తోటకూర కాడలు మిగిలాయనుకో, ఏం చేస్తావమ్మా?" అన్నారు.

సుహాసిని బిత్తరపోయి, "పులుసు పెడతానండీ" అంది. "చిన్న బెల్లం ముక్క వేస్తాను" అని కూడా అంది.

ఆయన పెళ్ళిళ్ళ పేరయ్య వైపు తిరిగి, "ముహూర్తం చూడండి" అన్నారు.

"జాతకాలు ఇంకా చూడలేదండీ!"

"బెల్లం వేస్తానంటోంది కదయ్యా! ఇంకా జాతకం దేనికి?"

ఆ విధంగా బెల్లం ముక్క పుణ్యమా అని ఆ ఇంట అడుగుపెట్టిన సుహాసిని, రోజూ ఉదయం గేటు దగ్గర జరిగే వైభవాన్ని బావి పక్క నుంచి చూస్తూ ఉండేది. ఒకనాడు బ్యాంకు ఉద్యోగి ఒకాయన వచ్చి బచ్చలికూర అడిగాడు.

"ఏం వండుతారు?"

"బచ్చలికూరేనండీ."

"అది నాకూ తెలుసు. అందులో కంద వేస్తారా?"

"కంద ఇంట్లో లేదండీ."

"లేదా! చిక్కడపల్లి మార్కెట్టులో ఎడమచేతి వైపు మూడో బండి దగ్గర ఉంటుంది. తెచ్చుకుని రండి. అంతదాకా మీ బచ్చలి నా పూచీ."

ఆయన నిజంగానే పోయి కంద తెచ్చుకున్నాడు. అది పట్టుకుని మళ్ళీ వచ్చినప్పుడు వీరరాఘవరావుగారు ఆ దుంపను తిప్పి తిప్పి చూసి, పరీక్ష గట్టెక్కిన శిష్యుడికి పట్టా ఇచ్చినంత గంభీరంగా బచ్చలి కట్ట ఇచ్చారు. అంతటితో వదిలిపెడితే ఆయన వీరరాఘవరావుగారు ఎందుకవుతారు? పదకొండు గంటల వేళ సైకిలు మీద వీధిలోకి బయలుదేరి, వంటిళ్ళ కిటికీల దగ్గర వేగం తగ్గించి, గాలి పీల్చేవారు. "అమ్మా, మెంతికూర అడుగంటుతోంది!" అని వీధిలోంచే ఆయన కేకవేస్తే, లోపల ఇల్లాలు ఉలిక్కిపడి గరిటె పట్టుకునేది. తిట్టుకునేవారు ఉండేవారు గాని, ఆయన చెప్పిన తరువాత కూర మాడనిచ్చినవారు మాత్రం లేరు.

ఈ విద్యకు బలైనవారిలో అగ్రగణ్యులు శ్రీరామమూర్తిగారు. లెక్కల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి విరమించుకుని, కాలనీ అసోసియేషన్‌కు అధ్యక్షులైనవారు. ఒకసారి ఆయన లేత వంకాయలు అడిగి, సాంబారులోకి అని నిజం చెప్పేశారు.

"సాంబారులోకా!" అన్నారు వీరరాఘవరావుగారు, ఎవరో పోయారని విన్నట్టు. "వీటి ముఖం చూడండి రామ్మూర్తిగారూ. కారం కూరుకుని నూనెలో మగ్గవలసిన వంకాయలివి. వీటిని తీసుకుపోయి ఆ చెరువులో ముంచుతారా?"

"నా డబ్బు, నా సాంబారు! మీకెందుకండీ?"

"వంకాయ నాది గనుక."

ఆ రోజు నుంచి శ్రీరామమూర్తిగారు నారాయణగూడ దాకా నడిచిపోయి కూరలు తెచ్చుకునేవారు. ఆ నడక వల్ల ఆయన మధుమేహం అదుపులోకి వచ్చిందని డాక్టరుగారు మెచ్చుకున్నారు. శ్రీరామమూర్తిగారు మాత్రం ఎవరికీ కృతజ్ఞత చెప్పలేదు.

ఇలా ఉండగా తొంభై నాలుగో సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున సూరత్‌లో ప్లేగు అన్నారు. రెండు రోజులు తిరగకుండానే చిక్కడపల్లిలో ప్రతి ముక్కూ చేతిరుమాలు కట్టుకుంది. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు అయిపోయాయి. ఎవరైనా తుమ్మితే ఎదురుగా ఉన్నవాళ్ళు రోడ్డు దాటి అవతలికి పోయేవారు. ఎలుక అనే మాట పిల్లల పాఠంలో వచ్చినా తల్లులు పుస్తకం మూసేవారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన కూర వద్దని, కళ్ళెదుట పండిన కూర కావాలని, కాలనీ మొత్తం వీరరాఘవరావుగారి గేటు ముందు బారు తీరింది.

వీధి చివర, లోయర్ ట్యాంక్ బండ్ వైపు, నాలుగంతస్తుల భవనం ఒకటి సగం లేచి ఉండేది. దాన్ని కడుతున్న పాలమూరు కూలీలు ఆ పక్కనే గుడిసెలు వేసుకుని ఉండేవారు. వారి మేస్త్రీ హనుమప్ప. అతని బావమరిది బొంబాయిలో పని మాని అప్పుడే తిరిగి వచ్చాడు. బొంబాయి అనగానే కాలనీ గుండె జారింది. కాంట్రాక్టరు పని ఆపి కనబడకుండా పోయాడు. గుడిసెలవాళ్ళెవరూ మన వీధిలో అడుగుపెట్టరాదని, ఎవరూ వాళ్ళను పనికి పిలవరాదని అసోసియేషన్ తీర్మానించింది. మళ్ళు తవ్వడానికి హనుమప్పను పిలవబోయిన వీరరాఘవరావుగారిని గేటు దగ్గరే నలుగురూ అడ్డుకున్నారు. ఆయన ఏమీ అనకుండా పార తానే పట్టుకున్నారు.

ఆ మరునాటి నుంచి ఆయన ప్రశ్నలు దుర్భరమయ్యాయి.

"తోటకూర పప్పండీ" అంది ఒక ఇల్లాలు. ఏళ్ళ తరబడి ఆ గేటు దగ్గర చెల్లిన సమాధానమది.

"ఈ ముసురులో తోటకూర పప్పా? కుదరదు."

"పోనీ వేపుడు చేస్తానండీ."

"లేత ఆకును వేపుతారా? వెళ్ళిరండమ్మా."

గోంగూర పచ్చడి అన్నవారిని ఎండుమిరపకాయలు ఎక్కడివని అడిగారు. గుంటూరువి అంటే, తొడిమతో ఉన్నవా తీసినవా అన్నారు. పాలకూర అడిగిన పెద్దాయనను మీకు పళ్ళెన్ని ఉన్నాయన్నారు. రోగులున్న ఇళ్ళకూ, పసిపిల్లలున్న ఇళ్ళకూ మాత్రం మారుమాట లేకుండా ఇచ్చి పంపేవారు. తక్కినవారిలో నూటికి తొంభైమంది ఖాళీ సంచులతో వెనుదిరిగేవారు. బుట్ట నిండుగానే ఉండిపోయేది. ఆయన దాన్ని సైకిలు వెనుక కట్టుకుని, "ఎవరికీ అక్కర్లేదు. గేదెకు పడేస్తాను" అంటూ వెళ్ళిపోయేవారు.

సుహాసిని తెలివైన పిల్ల. గేదె పెరట్లో ఉంది. సైకిలు వీధి గుమ్మంలోంచి పోతోంది. ఈ రెంటికీ పొత్తు కుదరలేదు.

"అత్తయ్యగారూ, మామయ్యగారికి ఈ మధ్య ఏమైనా…"

"ముప్ఫయ్యేళ్ళ నుంచీ ఉందమ్మా, ఇప్పుడు ముదిరింది" అన్నారు హైమవతిగారు.

కోపం వచ్చినవాళ్ళందరూ శ్రీరామమూర్తిగారి అరుగు మీద చేరారు. శనివారం ఉదయం ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి, గేటుకు బారెడు దూరంలో నిలబడ్డారు. అప్పటికే వీరరాఘవరావుగారు బుట్ట కట్టుకుని బయలుదేరిపోయారు.

"హైమవతమ్మగారూ, రేపు అసోసియేషన్ మీటింగు. మీ గడ్డివాము, పేడకుప్ప, గేదె, అన్నీ ఎలుకలకు ఆటపట్టు. మునిసిపాలిటీ వాళ్ళకు ఒక్క మాట చెబితే సోమవారానికల్లా ఎత్తేస్తారు. కాలనీలో ఒక్కరు కూడా మీ పక్షాన లేరు."

హైమవతిగారు పాలచెంబు కింద పెట్టారు. "గేదె పోతే ఎరువు లేదు. ఎరువు పోతే మళ్ళు లేవు. మళ్ళు పోతే ఆయన ఉండరండీ. అంతకంటే ఆయనకు ఏ వ్యాపకమూ లేదు."

"మరి మనుషులతో అలాగేనా ఉండేది? మాకు లేదని పంపేసి, నిండు బుట్ట నారాయణగూడలో చాటుగా అమ్ముకుంటున్నాడు మీ ఆయన. కష్టకాలంలో బ్లాకు మార్కెట్టమ్మా ఇది!"

సుహాసినికి ఒళ్ళు మండింది. అయితే తన అనుమానమూ తనకు ఉంది. "పదండి బాబాయిగారూ, వెళ్ళి చూద్దాం. అమ్ముతుంటే గేదెను మీరే తోలుకుపోండి. లేకపోతే మీటింగులో మీ నోటితోనే వద్దని చెప్పాలి" అంది.

ముగ్గురూ ముక్కులు కట్టుకుని ఆటో ఎక్కారు. వీధి మలుపులో, బుట్ట బరువుకు వంకరలు పోతున్న సైకిలు కనిపించింది. దాన్ని దాటకూడదు, దూరం కాకూడదు. ఆటోవాడు కాసేపు ఓర్చుకున్నాడు.

"ఏంది సార్ గిది? సైకిల్ ఎనక ఆటోనా? దిగి నడిస్తె ముందుగల్ల పోతరు."

"నువ్వు మాట్లాడకు, తోలు!" అన్నారు శ్రీరామమూర్తిగారు సీట్లో వంగి దాక్కుంటూ.

"ముక్కులకు గుడ్డలు, ఒక ముసలాయన ఎనక పడుడు… పోలీసోళ్ళు చూస్తె నేను పరేషాన్ అయిత సార్."

సైకిలు నారాయణగూడ వైపు తిరగలేదు. సగం కట్టిన భవనం దగ్గర ఆగింది. ఆటో దిగిన ముగ్గురూ ఇటుకల గుట్ట వెనుకకు చేరారు. అవతల గుడిసెల ముందు వీరరాఘవరావుగారు స్టాండు వేసి, ముక్కుకు గుడ్డ అయినా లేకుండా, హనుమప్ప వేసిన నులకమంచం మీద కూర్చున్నారు.

"మళ్ళ తెచ్చినవా సారూ!" అన్నాడు హనుమప్ప, సంతోషమూ రోషమూ కలిసిన గొంతుతో. "నేను ముందుగాలనే చెప్పిన. ఊకె ఇస్తె తీసుకునేటోళ్ళం గాదు మేము. మొన్న ఎవలో పాసిపోయిన అన్నం తెచ్చి గా మూలకు పెట్టి ఉరికిన్రు. మేమేమన్న బిచ్చగాండ్లమా? గట్లనే ఉండె గది, చీమలు తిన్నయి."

"ఊరికే ఎవరిస్తున్నారయ్యా నీకు? మా కాలనీవాళ్ళు వద్దన్న సరుకిది. ముదిరిందన్నారు, పురుగన్నారు, నానా వంకలూ పెట్టారు. ఇంటికి తీసుకుపోతే గేదె కూడా మూతి తిప్పుకుంది."

హనుమప్ప భార్య కురుమమ్మ గుడిసెలోంచి వచ్చి నవ్వింది. "బర్రె తిననిది మాకు పెట్టనీకి వస్తివా సారూ?"

"గేదెకు నాలుక మీద రుచి ఎక్కడిదమ్మా? నీకు తెలుసు గనుక నీ దగ్గరకు తెచ్చాను. అయినా ఊరికే కాదు. ఏం వండుతావో చెప్పి తీసుకో. నేను కాలనీలో అందరినీ అదే అడుగుతాను."

కురుమమ్మ గోంగూర కట్ట అందుకుని దులిపి చూసింది. "పుంటికూరకేమి! ఎల్లిపాయ దంచి ఏసి, జర్రంత ఎర్రకారం ఏసి, మెత్తగ ఎనుపుత. ఊరికెల్లి తెచ్చిన జొన్నలున్నయి, రొట్టెలు చేస్త. నువ్వు తెచ్చేదాంక కూర లేకనే పోరగాండ్లు ఉప్పుతోని తిన్నరు."

"పులుపు ఎక్కువైతే?"

"ఇన్ని పచ్చిశనగలు ఏస్త. అన్నీ అడుగుతవు గదా సారూ, నీ పెండ్లాం ఇంట్ల ఏం వండుతలేదా?"

ఇటుకల వెనుక హైమవతిగారు పళ్ళు కొరికారు. మంచం మీద వీరరాఘవరావుగారు కళ్ళు మూసుకుని, ఆ రొట్టె, ఆ కూర వాసన వస్తున్నట్టే తల ఊపుతున్నారు. "అదీ వంటంటే! మా కాలనీలో ఇంత చక్కగా చెప్పినవాళ్ళు లేరమ్మా."

"ఇగ సూడు, సారుకు వంట నేర్పినం, కూర తీసుకున్నం. లెక్క బరాబర్" అన్నాడు హనుమప్ప భార్యతో, తలపాగా సర్దుకుంటూ. అప్పటికి గుడిసెల్లోంచి తక్కిన ఆడవాళ్ళు కూడా వచ్చి బుట్ట చుట్టూ చేరారు. ఒక్కొక్కరూ ఒక్కొక్క వంట చెబుతున్నారు.

పెద్దమనిషి వెనుదిరిగి చప్పుడు కాకుండా వెళ్ళిపోవలసిన ఘట్టమిది. శ్రీరామమూర్తిగారు వెళ్ళిపోదామనే అనుకున్నారు. కాని ఇటుకపొడి ముక్కులోకి పోయి, అపార్టుమెంటు అదిరేటట్టు తుమ్మారు.

తొంభై నాలుగో సంవత్సరపు తుమ్ము! గుడిసెలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని పిల్లలను వెనుకకు లాగారు. హనుమప్ప చెయ్యి చాచి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవలు సార్ మీరు? జర దూరముండుండ్రి! పిల్లలున్నరు ఈడ. మంచిగ లేకుంటె నల్లకుంట దవాఖానకు పోండ్రి గాని, మా మీదికి రాకుండ్రి."

కాలనీ అధ్యక్షులవారు రెండు చేతులూ ఎత్తి, "ఉత్త దుమ్మయ్యా! ఒట్టు, దుమ్మే!" అన్నారు దీనంగా.

వీరరాఘవరావుగారు మంచం మీద నుంచి లేచారు. భార్యను, కోడలిని, శ్రీరామమూర్తిగారిని వరుసగా చూశారు.

హనుమప్ప ఆ ముగ్గురినీ ఎగాదిగా చూసి, "వీళ్ళేనా సారూ, కూర వద్దన్నోళ్ళు?" అన్నాడు.

మామగారి ప్రశ్నలు ఎందుకు ముదిరాయో సుహాసినికి అప్పుడు అర్థమైంది. వద్దనలేదు, పొద్దున్నే బారు తీరి మరీ అడిగాము, ఈయనే ఇవ్వలేదు అని శ్రీరామమూర్తిగారు ఒక్క నిజం చెబితే చాలు. కురుమమ్మ చేతిలోని కట్ట మళ్ళీ బుట్టలోకి వస్తుంది. రేపటి నుంచి ఆ పిల్లలు మళ్ళీ ఉప్పుతోనే రొట్టె తింటారు. పైగా శ్రీరామమూర్తిగారు జన్మలో లెక్క తప్పు చెప్పని మనిషి. ఆమె చేతులు జోడించబోయింది.

శ్రీరామమూర్తిగారు ముక్కు మీది రుమాలు విప్పి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అవునయ్యా, మేమే వద్దన్నాం" అన్నారు. "నాకసలు ఆకుకూరలే పడవు. మా ఇంట్లో ఎవరికీ సయించవు. ఆ తోటకూర చూస్తేనే మా ఆవిడకు తలనొప్పి."

"గింత మంచి కూరను వద్దంటరా?" హనుమప్పకు పట్టరాని కోపం వచ్చింది. "లేతగ, తాజాగ ఉన్నది. కండ్లు లేవా సార్ మీకు? సదువుకున్నోళ్ళు, గీ మాత్రం తెల్వదా? పెద్దసారు ఎండల వానల కష్టం చేసి పండిస్తె వంకలు పెడ్తరా?"

"తప్పేనయ్యా" అన్నారు శ్రీరామమూర్తిగారు.

"తప్పే మరి! రేపటి నుంచన్న మంచిగ తినుండ్రి."

"వాళ్ళు తినరులే హనుమప్పా" అన్నారు వీరరాఘవరావుగారు. "వాళ్ళ నాలుకలు అంతే."

తిరుగుదారిలో ఆటో దొరకలేదు. సైకిలు నడిపించుకుంటూ వీరరాఘవరావుగారు ముందు, తక్కినవారు వెనుక. ఇల్లు దగ్గరపడ్డాక హైమవతిగారు, "నేను ఇంట్లో ఏం వండుతున్నానో ఆవిడకు చెప్పలేకపోయారా?" అన్నారు. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని, "రేపు ఒక బిందె కూడా కట్టుకోండి, మజ్జిగ పోసిస్తాను. గేదె తాగలేదని చెప్పండి" అన్నారు.

ఆదివారం మీటింగులో శ్రీరామమూర్తిగారు లేచి, ఎలుకలు గడ్డివాములో లేవనీ, అసోసియేషన్ గదిలోని పాత కాగితాల కట్టల్లో ఉన్నాయనీ, తాను స్వయంగా చూశాననీ ప్రకటించారు. పాత కాగితాలు తగలబడ్డాయి. గడ్డివాము నిలిచింది. కూలీలు వీధిలోకి రాకూడదన్న తీర్మానాన్ని కూడా ఆయనే రద్దు చేయించారు. ఆ తరువాత ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఏదో చెప్పారు.

సోమవారం ఉదయం బావి దగ్గర నీళ్ళు తోడుతున్న సుహాసినికి, గేటు దగ్గరి సమాధానాలు వింటూ ఉంటే చేద చేతిలోంచి జారిపోయింది. బ్యాంకు ఉద్యోగి మెంతికూరతో జిలేబీ చుడతానన్నాడు. ఒక ఇల్లాలు కొత్తిమీరను తలంటికి వాడతానంది. వీరరాఘవరావుగారు ఒక్కొక్కరినీ వెళ్ళిరమ్మంటూ, ఈ కాలనీకి ప్లేగు సోకింది నాలుకలకేనేమో అన్నట్టు చూస్తున్నారు. అయితే మీసాల కింద పెదవులు మాత్రం కుదురుగా లేవు. ఆ ఏడు ఎవరికి ఏమి మిగిలిందో గాని, ఆ వీధిలో పుట్టినందుకు కాకపోయినా మెట్టినందుకు సుహాసిని దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

బారు చివర శ్రీరామమూర్తిగారు సంచీ పట్టుకుని నిలబడ్డారు.

"చుక్కకూర ఇవ్వండి రావుగారూ."

"ఏం వండుతారు?"

"పాయసం."

వీరరాఘవరావుగారి కనుబొమలు నుదుటి మీదికి పోయాయి. "చుక్కకూర వేస్తే పాలు విరుగుతాయండీ!"

"విరగనివ్వండి."

"జీడిపప్పు కూడా వేస్తారా?"

"నేతిలో వేయించి మరీ వేస్తాను."

"అయితే ఇవ్వను" అన్నారు వీరరాఘవరావుగారు.

"చాలా సంతోషం" అని చెప్పి, శ్రీరామమూర్తిగారు ఖాళీ సంచీ ఊపుకుంటూ నారాయణగూడ వైపు హుషారుగా నడిచిపోయారు.